తమ్ముడికి పుషర్ బోటు మీద పని వచ్చింది. బార్జీలను వెనక నుంచి తోసే ఆ పని ఎలా ఉంటుంది?

గార అక్క:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, కళింగపట్నానికి దగ్గర్లోని ఊరు. వంశధార సముద్రంలో కలిసే చోటు మా ఇంటి నుంచి సైకిల్ మీద పావుగంట. మా తమ్ముడికి 23 ఏళ్లు. పదో తరగతితో చదువు ఆపేసి, నాలుగు సీజన్లు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి చేపల బోట్ల మీద పనిచేశాడు. 2018లో మన జిల్లా, విజయనగరం జిల్లా మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయి 2020 జనవరిలో గానీ వదల్లేదు కదా. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంట్లో ఫోన్ మోగినా అందరం గుమ్మంలోకి వచ్చేవాళ్లం. అప్పట్నుంచీ అమ్మకి వీరావల్ పేరు చెబితేనే గుండెదడ.

ఇప్పుడు వాడికి పశ్చిమ బెంగాల్లోని హల్దియా రేవు నుంచి కబురొచ్చింది. పుషర్ అనే బోటు మీద డెక్ పని. బార్జీలను, అంటే సరుకు మోసే బల్లపరుపు పడవల్ని, తోసుకుంటూ హల్దియా నుంచి బంగ్లాదేశ్ మీదుగా గౌహతి దాకా వెళ్లాలట. వాడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఆ బోటుకి ముక్కే లేదు. ముందు భాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది, రెండు పెద్ద ఇనుప దిమ్మెలు నిలువుగా ఉన్నాయి, వాటికి నల్ల రబ్బరు తొడుగు. పైన నాలుగు స్తంభాల మీద నిలబెట్టినట్టు ఎత్తుగా ఒక గది. దాని ముందు రెండు బార్జీలు.

అమ్మ ఆ ఫొటో చూసి ఒకటే మాట అంది: "లాగితే ముందున్నోడికి దారి కనిపిస్తాది. ఎనకాల నుంచి తోస్తే ఏటి కనిపిస్తాది నాయనా?" నా దగ్గర జవాబు లేదు, వాడి దగ్గరా లేదు. అన్నట్టు, ఈ పని చూపించిన ఏజెంటు 60 వేలు ముందే కట్టమంటున్నాడు. ఆ టెన్షన్ వేరే ఉంది.

ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎందుకు లాగకుండా తోస్తారు? ప్రమాదం ఎక్కడుంటుంది? వాణ్ణి పంపొచ్చా?

బారువ సరంగు:

అమ్మా, నాది సోంపేట దగ్గర బారువ. 1993లో హల్దియా వెళ్లి లస్కరుగా, అంటే డెక్ మీద పనివాడిగా చేరాను. తరవాత బోటు నడిపే సరంగు పరీక్ష పాసై 24 ఏళ్లు పుషర్ల మీదే తిరిగాను. ఇప్పుడు ఊళ్లో కొబ్బరి తోట చూసుకుంటున్నాను. నీ పోస్టు మా అబ్బాయి చదివి వినిపించాడు. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని వాడిచేత టైపు చేయిస్తున్నాను.

మీ అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. నేను మొదటిసారి పుషర్ ఎక్కినప్పుడు మా సరంగుని అదే అడిగాను.

ఒక బండికి ఇంకో బండిని తాడుతో కట్టి ఎద్దుల చేత లాగించడం చూశావా? మెరకలో బాగానే వస్తుంది. పల్లం రాగానే వెనక బండి దొర్లుకుంటూ వచ్చి ముందు బండిని గుద్దుతుంది. మలుపులో దాని దారి అది పట్టి గట్టు మీదికి ఎక్కేస్తుంది. నదిలోనూ అంతే. ప్రవాహంతో పాటు కిందికి వచ్చేటప్పుడు ముందుండి లాగే టగ్గు బోటు కాస్త నెమ్మదిస్తే, వెనకున్న వెయ్యి టన్నుల బార్జి నెమ్మదించదు. వచ్చి మీద పడుతుంది. మలుపులో తోకలా ఊగి ఇసుక మేట మీదికో వంతెన స్తంభం మీదికో పోతుంది. పైగా టగ్గు పంకా వెనక్కి తన్నే నీళ్లు నేరుగా బార్జి ముఖాన కొడతాయి. అంటే ఇంజను తన బలంతో తానే పోట్లాడుతున్నట్టు లెక్క.

తోపుడు బండికి ఈ బాధ లేదు. బండీ మనిషీ ఒకే ముక్క. చేతి కర్ర ఎటు తిప్పితే అటు మొత్తం తిరుగుతుంది, వెనక్కి లాగితే మొత్తం ఆగుతుంది. పుషర్ బార్జీలకి ఆనుకుని, వైర్లతో బిగించి కట్టేస్తే ముందు ముక్కు నుంచి వెనక చుక్కాని దాకా అంతా ఒకే ఓడ. ఆ ఫొటోలోని రెండు ఇనుప దిమ్మెలు బార్జిని ఆనే మోకాళ్లు. ఇంగ్లీషులోనూ వాటిని మోకాళ్లనే అంటారు.

మరి సముద్రంలో ఎందుకు తోయరంటావా? మీ కళింగపట్నం దీపస్తంభం ముందు ఈ కట్టు పది నిమిషాలు నిలవదు. కెరటానికి బోటు లేస్తుంది, అదే క్షణంలో బార్జి దిగుతుంది, వైర్లు తెగుతాయి. అందుకే సముద్రంలో పొడవాటి తాడేసి లాగుతారు, నీళ్లు నిలకడగా ఉండే నదిలో తోస్తారు. వానాకాలంలో హల్దియా దగ్గర హుగ్లీ వెడల్పులో గాలి లేస్తే మాకూ అదే భయం. ఎన్నోసార్లు ఒడ్డు చాటున లంగరేసి గాలి తగ్గేదాకా కూర్చున్నాం.

ఇక కనిపించడం సంగతి. ఎత్తు మీద ఉన్న ఆ గది అందుకే. అక్కణ్ణుంచి దూరం బాగా కనిపిస్తుంది గానీ, ముందు బార్జి ముక్కు దగ్గర కొంత మేర నీళ్లు సరంగుకి కనిపించవు. జాలరి వల వేసుకుంటూ అక్కడుంటే తెలియదు. మా బోటుకి రెండు నిండు బార్జీలు కడితే, ఇంజను పూర్తిగా వెనక్కి తిప్పినా ఆగడానికి అర కిలోమీటరు పట్టేది. కాబట్టి ముందు బార్జి ముక్కున వాకీటాకీ పట్టుకుని ఒక మనిషి ఉండి తీరాలి. మీ తమ్ముడికి మొదట ఇచ్చే పని బహుశా అదే. మన తీరం పిల్లలకి అందులో తిరుగులేదు. నీటి రంగు చూసి లోతు చెబుతారు.

లోతు అంటే గుర్తొచ్చింది. బ్రహ్మపుత్రలో నిన్నటి దారి ఇవాళ ఉండదు. ఇసుక రాత్రికి రాత్రి కదులుతుంది. దారి చూపడానికి వెదురు గుర్తులు పాతుతారు. నీరు చెదిరిపోకుండా ఒక పాయలోకి మళ్లి దారి తనంతట తానే లోతు కావాలని వరసగా వెదురు తడికలు కూడా కడతారు. వాటిని బండల్ అంటారు. లోతు పలచబడ్డ చోట ముందు బార్జి మీద నిలబడి వెదురు గడతో నేల చూస్తూ కేకెయ్యాలి. బెంగాలీ లస్కర్లు ఆ కేకని రాగం తీసి అనేవాళ్లు. వాళ్లు బావ్ అనేది మన బారే, రెండు చేతులూ చాపినంత. మొదటి ట్రిప్పులో ఆ మాట వినగానే మా నాన్న వల తాడు బారలతో కొలవడం గుర్తొచ్చి ఏడుపొచ్చింది నాకు.

ప్రమాదం ఎక్కడ అని అడిగావు. నదిలో కాదమ్మా. వైర్లో ఉంది.

కట్టు వదులైతే బార్జి బోటు మీద ఆడుతుంది. ఆడితే కుదుపు, కుదుపుకి వైరు తెగుతుంది. బిగువుగా ఉన్న ఉక్కు వైరు తెగితే అది కొరడా. దాని దారిలో ఏముంటే అది పోతుంది. కొత్తగా కట్టిన వైరు గంట తిరిగేసరికి సాగుతుంది. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని వెళ్లి వైరు బిగించే మర, బాటిల్ స్క్రూ, మళ్లీ తిప్పాలి. మా పాత సరంగు నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. చిన్న సుత్తితో వైరు మీద తట్టి వినాలి. బిగువు సరిపోతే గుడి గంట ఆగిపోయాక మిగిలే సన్నటి మోతలా వస్తుంది. సరిపోకపోతే తడి చెక్క మీద కొట్టినట్టు చచ్చు చప్పుడు. ఎడమ వైపు నుంచి కుడి వైపు దాకా అన్ని వైర్లూ ఒకే మోత మోగాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు ఉంటే మొత్తం భారం బిగువుగా ఉన్నదాని మీదే పడుతుంది.

నా ఎడమ చేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి. 1996లో ఖుల్నా దాటాక, బార్జి కట్టేటప్పుడు బోటు మోకాలికీ బార్జికీ మధ్య చెయ్యి పెట్టాను. రాపిడి తగలకుండా మధ్యలో పెట్టే ఫెండరు జారింది, సరి చేద్దామని. బోటు అంగుళమే కదిలింది. దానికి ఆ అంగుళం చాలు. బారిశాల్లో ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది. తప్పు నాదే. చెప్పిన మాట వినలేదు. మీ తమ్ముడికి ఇది చెప్పు. బోటుకీ బార్జికీ మధ్య ఏది పడినా, సెల్‌ఫోనైనా బంగారమైనా, చెయ్యి పెట్టకూడదు. కాలుతో తొయ్యకూడదు. అటు నుంచి ఇటు దూకకూడదు.

వంశధార రేవు (గార అక్క మళ్లీ, ఈ పేరుతో తమ్ముడి ఫోన్ నుంచి):

బాబాయ్ గారూ, మీ అబ్బాయికీ మీకూ వందనాలు. అమ్మకి చదివి వినిపించాను. వేళ్ల సంగతి దగ్గర ఆగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఆయన నిజం చెప్తన్నాడు" అంది.

తమ్ముడు రెండు అడగమన్నాడు. రోజుకి ఎన్ని గంటల పని? పరీక్షలు రాసి పైకి రావడానికి దారి ఉందా, జీవితాంతం డెక్ మీదేనా?

కోనసీమ రేవు మనిషి:

నమస్కారమండీ. మాది సఖినేటిపల్లి. సరంగు గారు చెప్పిన లాగడం, తోయడం కాకుండా మూడోది కూడా ఉందండి. మా రేవులో నరసాపురం వెళ్లే పంటు చూసే ఉంటారు. బల్లపరుపుగా ఉంటుంది, కార్లూ బైకులూ మనుషులూ అన్నీ ఎక్కుతాయి. నా చిన్నప్పుడు పంటుకి సొంత ఇంజను ఉండేది కాదండి. పక్కన లాంచి ఆనించి మోకులతో కట్టి నడిపేవారు. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి లాంచి వాడు ఒక మోకు వదిలి, ఇంకో మోకు మీద పంటుని తిప్పి, సరిగ్గా దిగుడు చెక్క రేవుకి ఆనేలా పెట్టేవాడు. చిన్నప్పుడు బడి మాని అది చూడ్డానికే వెళ్లేవాణ్ణి.

అంతకు ముందు కాలంలో కాటన్ దొర కాలవల మీద సరుకు పడవల్ని గట్టు మీద మనుషులే మోకు భుజానేసుకుని లాగేవారని మా తాతగారు చెప్పేవారు. ఆయన భుజం మీద ఆ మోకు కాయ చివరిదాకా ఉందండి. తోసే బోటులో ఇంజనుంది గానీ, పని అదే పనని నాకనిపిస్తుంది.

బొబ్బిలి టు మెంఫిస్:

నాది విజయనగరం జిల్లా బొబ్బిలి. ప్రస్తుతం అమెరికాలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న మెంఫిస్‌లో ఉద్యోగం. రోజూ సాయంత్రం నడకకి నది గట్టు మీదికే వెళ్తాను. ఈ పుషర్లని ఇక్కడ టోబోట్ అంటారు. టో అంటే లాగడం, కానీ చేసేది తోయడమే. పాత పేరు అలా అతుక్కుపోయింది.

ఇక్కడి ఒక మామూలు బార్జి 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. అందులో అమెరికన్ టన్నుల్లో షుమారు 1500 పడతాయి, మన లెక్కలో 1360 టన్నులు. నదికి ఎగువన లాకులు ఉన్నాయి. లాకు వెడల్పు 110 అడుగులు, మూడు బార్జీలు పక్కపక్కన పెడితే 105. అందుకే అక్కడ మూడు వరసల్లో అయిదేసి, మొత్తం 15 బార్జీలు కడతారు. చాలా లాకులు 600 అడుగుల పొడవే కాబట్టి గుంపుని రెండుగా విడదీసి, ముందు సగం దాటించి, తరవాత మిగతా సగంతో బోటు దాటి, మళ్లీ కట్టుకుంటారు. సెయింట్ లూయిస్ దాటి కిందికి వస్తే లాకులు లేవు. మా మెంఫిస్ ముందు నుంచి 30, 40 బార్జీలు ఒకే కట్టుగా వెళ్లడం చూస్తుంటాను. వంతెన కిందికి వచ్చేటప్పుడు ముందు ముక్కు స్తంభం దాటాక చాలాసేపటికి గానీ వెనక బోటు రాదు.

1901లో కట్టిన స్ప్రేగ్ అనే ఆవిరి బోటు 1907లో 60 బొగ్గు బార్జీలని ఒక్క కట్టుగా తోసింది. దాన్ని పెద్దమ్మ అని అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలిచేవాళ్లు.

గార అక్క గారి తమ్ముడికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఈ బోట్లలో పంకాకి వెనక ఉండే మామూలు చుక్కానులే కాక, పంకాకి ముందు కూడా చుక్కానులు ఉంటాయి. ఇంజను వెనక్కి తిప్పినప్పుడు మామూలు చుక్కానికి పట్టు దొరకదు, ఈ ముందువి పనిచేస్తాయి. పదునైన మలుపులో వెనక్కి ఇంజను వేసి, ప్రవాహాన్నే వాడుకుని ముక్కుని మెల్లగా తిప్పుతారు. ఇక్కడి కెప్టెన్ ఒకాయన గట్టు మీద నాకు చేత్తో చూపించాడు. ఆ పని బాగా వచ్చినవాణ్ణి ఈ నదిలో అందరూ గౌరవిస్తారట.

బారువ సరంగు:

మెంఫిస్ బాబూ, 40 బార్జీలంటే విని కళ్లు తిరిగాయి. మా నదుల్లో ఆ లోతు లేదు. 2022లో రామ్ ప్రసాద్ బిస్మిల్ అనే నౌక కల్పనా చావ్లా, అబ్దుల్ కలాం పేర్లు పెట్టిన రెండు డంబ్ బార్జీలతో, 1793 టన్నుల ఇనుప కడ్డీలతో హల్దియా నుంచి గౌహతి దగ్గర పాండు రేవుకి చేరింది. మొత్తం 90 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు. బ్రహ్మపుత్రలో హల్దియా నుంచి గౌహతికి వచ్చినవాటిలో అంత పొడవైనది లేదని రాశారు. నేను అప్పటికి ఇంటి పట్టునే ఉన్నాను. ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాను. డంబ్ అంటే సొంత ఇంజను లేని బార్జి అని అర్థం. కోనసీమ బాబుగారు చెప్పిన పక్కకట్టు మేమూ కడతాం, రేవులో ఒక్క బార్జిని సర్దేటప్పుడు.

తల్లీ, నీ రెండు ప్రశ్నలు. మా బోట్ల మీద ఆరు గంటల పని, ఆరు గంటల విశ్రాంతి, మళ్లీ ఆరు. నిద్ర రెండు ముక్కలవుతుంది. మొదటి పదిహేను రోజులు తల దిమ్ముగా ఉంటుంది, తరవాత ఒళ్లు సర్దుకుంటుంది. వీరావల్లో వల లాగినవాడికి ఇది కష్టమేమీ కాదు. తిండికి లోటుండదు. నాంఖానా దాటి సుందరవనాల్లోకి వెళ్లాక రెండు మూడు రోజులు ఊళ్లు కనపడవు. పోటు ఎక్కితే నడవడం, పాటు వస్తే లంగరెయ్యడం. సిరాజ్‌గంజ్ దగ్గర జమునా వంతెన ఉంది, 1998లో తెరిచారు. వరద రోజుల్లో దాని స్తంభాల మధ్య నుంచి దూరేటప్పుడు బోటు మీద ఎవ్వరూ మాట్లాడరు. చిల్మారి దాటి ధుబ్రీ దగ్గర మన దేశంలోకి వచ్చాక అందరూ ఒకేసారి టీ అడుగుతారు.

పైకి రావడానికి దారి ఉంది. నా కాలంలో నది నౌకల మీద 1917లో వచ్చిన చట్టం కింద లస్కరు, సరంగు, సెకండ్ క్లాస్ మాస్టర్, ఫస్ట్ క్లాస్ మాస్టర్ అని మెట్లుండేవి. 2021లో కొత్త చట్టం వచ్చింది, పేర్లు మారినా మెట్లున్నాయి. పట్నాలో గాయ్‌ఘాట్ దగ్గర జలమార్గాల సంస్థ వాళ్ల శిక్షణ సంస్థ ఉంది, 2004లో పెట్టారు. నది పడవల మీద పనిచేసేవాళ్లకి అక్కడ కోర్సులున్నాయి. తమ్ముడు ముందు ఆ కోర్సు చేసి వెళ్తే, బోటు మీద వాడి మాటకి విలువ ఉంటుంది. నేను చెయ్యలేదు. పని చూస్తూ నేర్చుకున్నాను. ఆ రెండు వేళ్లు అలాగే పోయాయి.

60 వేల మాట. ఇవ్వొద్దు. నా దగ్గరికి మన తీరం నుంచి వచ్చిన పిల్లల్లో ఇద్దరు అలా డబ్బు కట్టి వచ్చారు. ఆ ఏజెంటు చెప్పిన బోటూ లేదు, ఆ జీతమూ లేదు. ఒకడు అప్పు తీర్చడానికి జ్వరంలో కూడా వాచ్, అంటే తన వంతు డ్యూటీ, కాసి, నా కళ్ల ముందే డెక్ మీద పడిపోయాడు. బోటు పేరేంటి, రిజిస్ట్రేషన్ నంబరేంటి, బీమా కాగితం ఎక్కడ, జీతం బ్యాంకులో వేస్తారా చేతికిస్తారా అని తమ్ముణ్ణే ఆ ఏజెంటుని అడగమను. నిజమైన బోటు మనిషి ఇవన్నీ ఒక్క నిమిషంలో చెబుతాడు. చేరాక ఎక్కిన రోజు, దిగిన రోజు, బోటు పేరు రాసి మాస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. పరీక్షకి ఆ రోజులే లెక్క.

గార అక్క:

బాబాయ్ గారూ, మూడు రోజులైంది రాసి. తమ్ముడు ఆ ఏజెంటుకి ఫోన్ చేసి మీరు చెప్పినవే అడిగాడు. బోటు పేరు దగ్గరే ఆయనకి కోపం వచ్చింది. బీమా అనేసరికి ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. 60 వేలు ఇంకా అమ్మ పెట్టెలోనే ఉన్నాయి.

వాడు పట్నా కోర్సుకి దరఖాస్తు పెడతానంటున్నాడు. సాయంత్రం పెరట్లో సైకిల్ చైన్ ముక్క రెండు గుంజలకి బిగించి స్పానరుతో తట్టి వింటున్నాడు. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "వాడు వెళ్తే బట్టలేటి పెట్టాలో ఆయన్ని అడుగు" అంది. అందుకే అడుగుతున్నాను.

బారువ సరంగు:

తోలు చేతి తొడుగులు రెండు జతలు పెట్టు. పాత వైరుకి పోగులు లేస్తాయి, నూలువి ఆగవు. మడమ దగ్గర గట్టిగా పట్టే బూట్లు, లేసులు లేనివి. లేసు మోకు చుట్టలో పడితే కాలు కూడా పోతుంది. ఒదులు లుంగీ డెక్ మీద వద్దు. మెడలో ఈల ఒకటి, నడుముకి చిన్న చాకు. లైఫ్ జాకెట్ బోటు వాళ్లు ఇస్తారు. వాడి కొలతకి సరిపోయేదాకా మార్చి అడగమను, సిగ్గుపడొద్దు. శీతాకాలం అస్సాంలో పొగమంచు ఎముకల్లోకి దిగుతుంది, స్వెట్టర్ తప్పనిసరి. ఎండు చేపలు కొంచెం పెట్టమ్మా, బెంగాలీ వంటవాడితో స్నేహానికి.

కొత్తవాడికి ఎక్కువగా అర్ధరాత్రి నుంచి ఆరు దాకా వాచ్ ఇస్తారు. పొద్దున ఆరుకి దిగి, మొహం కడుక్కుని, సిగ్నల్ ఉన్న చోటైతే ఆరుంపావుకి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆ టైముకి మీ అమ్మగారిని ఫోన్ దగ్గర ఉండమను.